కుర్రాళ్లకు రేసులు దక్కాలి

సంపాదకులకు,

బ్రేకులు లేని 500 సీసీ బైకును మలుపులో అదుపు చేయడం రేసుల్లో తప్ప రాదు. మట్టి ట్రాకుపై జట్లుగా సాగే బైకు రేసుల క్రీడ స్పీడ్‌వే. బ్రిటన్‌లో ఆ రేసులే కుర్రాళ్లకు కరువవుతున్నాయి. 2023 సీజన్‌తో పీటర్‌బరో, వుల్వర్‌హాంప్టన్ ట్రాకులు మూతపడ్డాయి. ఒక్కో ట్రాకు పోతే జట్టు స్థానాలూ పోతాయి.

పై అంచె లీగైన ప్రీమియర్‌షిప్ 2021లో జట్టులో యువ రైడర్ కోసం తెచ్చిన ‘రైజింగ్ స్టార్’ స్థానం మంచి నిర్ణయం. నా బాధల్లా కింది అంచె గురించే. మూడో అంచె అయిన నేషనల్ డెవలప్‌మెంట్ లీగ్‌లో గెలిచిన పిల్లవాడు రెండో అంచె ఛాంపియన్‌షిప్‌కి వెళ్లగానే ఆరితేరిన రైడర్లతో తలపడాలి. రెండు మ్యాచ్‌ల్లో పాయింట్లు రాలేదని పక్కన పెడితే ఇంకెప్పుడు నేర్చుకుంటాడు? ఇంజిన్ల ఖర్చంతా ఇంటివాళ్ల మీదే పడుతుంది కూడా. మూడుసార్లు ప్రపంచ విజేత అయిన బ్రిటిష్ రైడర్ టై వాఫిండెన్ కూడా స్కన్‌థార్ప్‌లో మూడో అంచె లీగులోనే మొదలుపెట్టాడు.

ఛాంపియన్‌షిప్ జట్లు ఒక రిజర్వ్ స్థానాన్ని స్వదేశీ కుర్రాడికి సీజన్ మొత్తం ఖాయం చేయాలి.

— ఒక స్పీడ్‌వే అభిమాని, మాంచెస్టర్