సామర్లకోటలో పుట్టిన పూల బొమ్మలను తెలుగులో అచ్చు వేయండి

సంపాదకులకు నమస్కారం.

సామర్లకోట అనగానే భీమేశ్వరాలయం, రైల్వే జంక్షన్ గుర్తొస్తాయి. భారతీయ వృక్షశాస్త్రంలో ఒక గొప్ప బొమ్మల పుస్తకానికి పునాది పడింది ఇక్కడేనని ఎంతమందికి తెలుసు? ఈస్టిండియా కంపెనీ డాక్టరు విలియం రాక్స్‌బర్గ్ 1781 నుంచి ఇక్కడ ఉండి, తోట పెంచి, చుట్టుపక్కల మొక్కలను మన దేశపు చిత్రకారుల చేత గీయించాడు. 1793లో కలకత్తాలోని కంపెనీ వృక్షశాస్త్ర తోటకు వెళ్లిపోయాడు. లండన్‌కు చేరిన దాదాపు 500 బొమ్మల్లో 300 ఏరి, వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్ పర్యవేక్షణలో 1795 నుంచి 1820 వరకు మూడు పెద్ద సంపుటాలుగా అచ్చు వేశారు. కోరమాండల్ తీరపు (అంటే మన తూర్పు తీరపు) మొక్కల మీద వచ్చిన ‘ప్లాంట్స్ ఆఫ్ ది కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ అనే పుస్తకం అదే.

కంపెనీకి పూల మీద ప్రేమేమీ లేదు. నీలిమందు, మిరియాలు, జ్వరం మందులు, అంటే డబ్బు తెచ్చే మొక్కలు కావాలి. ఏటికొప్పాక బొమ్మలు చేసే అంకుడు చెట్టు ఆకుల నుంచి కూడా రాక్స్‌బర్గ్ నీలిరంగు తీసి చూశాడు. కానీ బొమ్మ గీసినవాడి చెయ్యి ఈ లాభనష్టాల లెక్కలు చూడలేదు. కొమ్మను ఉన్నదున్నట్టు గీసి, పువ్వును విప్పి కేసరాలు, అండాశయం, కాయ, గింజ విడివిడిగా చూపించారు. మొదటి సంపుటంలో మన మోదుగ కూడా ఉంది. అంత పని చేసిన చిత్రకారుల పేర్లు మాత్రం పుస్తకానికి ఎక్కలేదు. దొర పేరు మొక్కల శాస్త్రీయ నామాల పక్కన ఇప్పటికీ ఉంది.

ఆ పుస్తకంలో ఒక వెలితి కూడా ఉంది. పువ్వుంది, దాని దగ్గరికి వచ్చే పురుగు లేదు. మొక్కను గుర్తుపట్టడమే రాక్స్‌బర్గ్ పని కాబట్టి ఆయన్ని తప్పుపట్టలేం. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1793లో, బెర్లిన్ దగ్గర స్పాండౌలో బడి నడిపిన స్ప్రెంగెల్ పూల ఆకారానికీ పురుగుల రాకకూ ఉన్న సంబంధాన్ని బొమ్మలతో సహా పుస్తకంగా వేశాడు. అప్పట్లో దాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత డార్విన్ చదివి మెచ్చుకున్నాక దానికి విలువ వచ్చింది.

మన క్లాసుల్లో పరిస్థితి ఇప్పటికీ రాక్స్‌బర్గ్ దగ్గరే ఆగింది. మందార పువ్వు నిలువుకోత గీసి, భాగాలు గుర్తిస్తే మార్కులు వస్తాయి. తంగేడు పువ్వులో తేనె ఉండదని, తుమ్మెద దాన్ని పట్టుకుని జుమ్మని ఒళ్లు అదిరిస్తే పుప్పొడి రాలుతుందని పిల్లలకు చెప్పేవాళ్లు తక్కువ. మోదుగ దగ్గరికి తేనెపిట్టలు వస్తాయి, ఉడుతలు కూడా పువ్వుల్లో మూతి పెట్టి పుప్పొడి అంటించుకుని పోతాయి. ఊరి చివర మోదుగ ఉంటే ఫిబ్రవరి, మార్చిలో ఇదంతా కళ్లారా చూడొచ్చు. ఎవరూ పరీక్షలో అడగరు గనుక ఎవరూ చూడరు.

అందుకే తెలుగు అకాడమీకీ, రెండు రాష్ట్రాల విద్యాశాఖలకూ నా విన్నపం. ఆ మూడు సంపుటాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. రెండు వందల ఏళ్లు దాటాయి కాబట్టి అచ్చు హక్కుల గొడవ లేదు. రాక్స్‌బర్గ్ చాలా మొక్కలకు తెలుగు పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిపెట్టాడు, వాటిని తెలిసినవాళ్లు సరిచూసి తెలుగులో వేస్తే చాలు. ప్రతి బొమ్మ ఎదుటి పేజీలో ఆ పువ్వు దగ్గరికి వచ్చే తేనెటీగనో, తుమ్మెదనో, పిట్టనో ఇప్పటి మన చిత్రకారుల చేత గీయించాలి. ఈసారి మాత్రం వాళ్ల పేర్లు వేయాలి. మూడు వందలూ ఒకేసారి కుదరకపోతే, ముప్ఫై మొక్కలను గోడ చార్టులుగా వేసి ముందు ప్రభుత్వ బడులకు పంపండి. వచ్చే జూన్‌లో బడులు తెరిచేనాటికి ఇది అసాధ్యమేమీ కాదు.

– ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు, కాకినాడ