పిల్లికూన చీర చెంగు ఎందుకు చీకుతుంది?

సంపాదక మహాశయులకు నమస్కారం.

మా ఇంట్లో మూడేళ్ళ పిల్లి ఒకటి ఉంది. రోజూ రాత్రి దీపాలార్పే వేళకు అది మా అమ్మగారి పాత నేతచీర మీదికి చేరి, ముందుకాళ్ళు రెండూ మార్చి మార్చి చపాతీ పిండి పిసికినట్టు పిసుకుతూ, కళ్ళు అరమోడ్చి, చెంగు అంచును నోట పట్టుకొని పావుగంట సేపు గుర్రుగుర్రుమంటూ చీకుతుంది. తెల్లవారి చూస్తే ఆ అంచు రూపాయి బిళ్ళంత మేర బిరుసెక్కి, పోగులు లేచి ఉంటుంది. ఇంటికి వచ్చినవారిలో కొందరు అది జబ్బన్నారు, కొందరు ఆకలన్నారు, ఒక పెద్దావిడ చెంటిపిల్లలకు పాలు మాన్పించినట్టే చెంగుకు వేపనూనె రాయమన్నారు. ఈ మూడు మాటలూ పిల్లులున్న ఇళ్ళలో తరచుగా వినిపించేవే కనుక, నాకు తెలిసినంతలో దీని కారణాన్ని మీ పాఠకులతో పంచుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

పిల్లికూన కళ్ళు మూసుకొనే పుడుతుంది. అవి తెరుచుకోవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. అంతవరకు దానికి లోకమంటే తల్లి ఒంటి వెచ్చదనం, వాసన, నోటికి తగిలే చనుమొన మాత్రమే. పుట్టిన కొద్దిరోజుల్లోనే ఒక్కో కూన తనకంటూ ఒక చనుమొనను ఎంచుకొని, చాలావరకు దానినే వెతుక్కుంటూ పోతుంది. దూడ తలతో పొదుగును పొడిస్తే ఆవు పాలు చేపడం పాడి ఉన్నవారందరూ చూసిందే. పిల్లికూన ముందుకాళ్ళతో తల్లి పొట్టను పిసకడం కూడా సరిగ్గా అందుకే. కడుపు నిండిన తరువాత కూడా కూన వెంటనే నోరు తీయదు. పాలు రాకపోయినా చీకుతూ అలాగే నిద్రలోకి జారుకుంటుంది. అంటే చీకడమనేది దానికి తిండి మాత్రమే కాదు, భయం తీరే దారి, నిద్ర పట్టే దారి కూడా.

సుమారు నాలుగో వారం నుంచి తల్లి పాలు మాన్పించడం మొదలుపెడుతుంది. ఒక్కరోజులో కాదు; కూనలు మీదికి వస్తే లేచిపోతుంది, పొట్ట నేలకానించి పడుకుంటుంది, ఒక్కోసారి కసురుతుంది, మరోసారి జాలిపడి ఇస్తుంది. ఇలా ఏడెనిమిది వారాలకు పాలు దాదాపు మానిపోతాయి గానీ, తోబుట్టువులతో ఆడుకుంటూ కరవడంలో, గీరడంలో హద్దు తెలుసుకోవడం ఆ తరువాత కూడా సాగుతూనే ఉంటుంది. ఈ క్రమం మధ్యలో తెగిపోయిన కూనకు చీకాలన్న కోరిక తీరకుండా మిగిలిపోవచ్చు. అప్పుడది తోటి కూన చెవినో, మనిషి చెవితమ్మెనో, ఉన్ని దుప్పటినో, చీర చెంగునో తల్లి చనుమొన స్థానంలో నిలుపుకుంటుంది. ఫిన్లాండ్‌లోని హెల్సింకి విశ్వవిద్యాలయం పరిశోధకులు దాదాపు 6,000 పిల్లుల వివరాలు సేకరించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఎనిమిది వారాలలోపు తల్లిని వదిలిన పిల్లుల్లో దూకుడు ఎక్కువగా ఉన్నట్టు, 14 వారాలు దాటాక వేరుపడినవాటిలో దూకుడూ, మానలేక పదేపదే చేసే అలవాట్లూ తక్కువగా ఉన్నట్టు తేలింది. అయితే తల్లి దగ్గర పూర్తిగా పెరిగినా కొన్ని పిల్లులు చీకుతాయి. సయామీస్, బర్మీస్ వంటి జాతుల్లో ఇది వంశపారంపర్యంగా ఎక్కువని పశువైద్యులు చెబుతారు.

మా పిల్లి విషయంలో తప్పు మాదే. మూడు వారాలుంటాయేమో, తూలుతూ నడిచే వయసులో అది మా కిటికీ సన్‌షేడ్ మీద ఒంటరిగా అరుస్తుంటే, తల్లి వదిలేసి పోయిందనుకొని గంటలోపే లోపలికి తెచ్చి తలుపులు వేశాం. ఆ రాత్రి, మరుసటి రాత్రి కూడా తల్లి పిట్టగోడ మీద ఈ చివరి నుంచి ఆ చివరికి తిరుగుతూ పిలుస్తూనే ఉంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని చిన్నప్పటి నుంచీ విన్నదాన్నే అయినా, మిగతా కూనలను ఒక్కొక్కటిగా వేరేచోటికి చేర్చుకొని చివరిదానికోసం అది తిరిగి వచ్చిందని నాకప్పుడు తట్టలేదు. ఆ పిలుపు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇక అలవాటు పడిన పిల్లి సంగతి. దానిని కొట్టడం, కసరడం వల్ల బెదురు పెరిగి, ఆ బెదురు తీరడానికి మరింత చీకుతుంది. వేపనూనె, కారం వంటివి రాయడం అసలు తగదు; పిల్లి నాలుకతో ఒళ్ళంతా శుభ్రం చేసుకొనే జంతువు కనుక ఏది అంటినా కడుపులోకే పోతుంది. ఉత్తినే చీకితే ప్రమాదం లేదు. కొరికి మింగితేనే ప్రమాదం. నిరుడు మా పిల్లి చెంగు పోగులు మింగి రెండు రోజులు వాంతులు చేసుకుంటే ఆపరేషన్ దాకా వెళ్ళవలసి వచ్చింది. పొడవాటి దారం ఒక కొస ఎక్కడో చిక్కుకొని రెండో కొస లోపలికి సాగితే పేగులు కుచ్చులు పడి కోసుకుపోతాయట. నోటి నుంచి గానీ వెనుక నుంచి గానీ దారం వేలాడుతుంటే ఇంట్లో లాగకూడదని, వెంటనే పశువైద్యుని దగ్గరకు తీసుకుపోవాలని అప్పుడే తెలిసింది. ఇప్పుడు అంచు మడిచి కుట్టిన మందపాటి గుడ్డ ఒకటి దానికి కేటాయించాం, పడుకొనేముందు కాసేపు ఆడించి కడుపునిండా పెడుతున్నాం. చీకడం పూర్తిగా మానలేదు గానీ కొరకడం తగ్గింది. ఎన్నడూ చీకని పెద్దపిల్లి హఠాత్తుగా గుడ్డలు నమలడం మొదలుపెడితే మాత్రం రక్తహీనతో, కడుపులో ఇబ్బందో ఉండవచ్చు కనుక పరీక్ష చేయించాలి.

అటక మీదో మెట్ల కిందో కూనలు కనిపించినవారికి నా విన్నపం ఒక్కటే. వాటికి గాయాలు లేకుండా, ఒళ్ళు వెచ్చగా ఉండి, వానకు తడవని, కుక్కలకు అందని చోట ఉంటే అక్కడి నుంచి కదిలించకుండా దూరం నుంచి కొన్ని గంటలు కాచి చూడండి. చుట్టూ కాస్త బియ్యప్పిండి పలుచగా చల్లి ఉంచితే తల్లి వచ్చిపోయిందీ లేనిదీ అడుగుల గుర్తులే చెబుతాయి. ఇక రాదని రూఢి అయితే కూనలన్నిటినీ కలిపే ఉంచండి. ఆవుపాలు విరేచనాలు పట్టిస్తాయి కనుక పిల్లికూనలకని అమ్మే పాలపొడి కలిపి, బోర్లా పడుకోబెట్టి పట్టండి. పెంచుకుంటామని అడిగేవారుంటే, పన్నెండు వారాలు నిండాకనే ఇవ్వండి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
తెనాలి.