‘పలు సెక్షన్ల కింద కేసు’ అంటే ఏ సెక్షన్లు?

సంపాదకుల వారికి,

నేర చట్టాలన్నీ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతున్నాయని, ఇక తెలియదంటే కుదరదని ఒక అధికారి అన్నట్టు గతవారం మీ పత్రికలో చదివాను. దొరుకుతున్న మాట నిజమే. ఎక్కడ దొరుకుతాయో, ఏది నమ్మాలో ఆయనా చెప్పలేదు, మీరూ రాయలేదు.

2024 జూలై 1న నేరాలు, వాటి శిక్షలు చెప్పే పాత చట్టం ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అంతకుముందు జరిగిన నేరాలకు మాత్రం పాత చట్టమే వర్తిస్తుంది. కాబట్టి కోర్టుల్లో రెండూ ఇంకా ఏళ్ల తరబడి నడుస్తాయి. హత్యకు సెక్షన్ 302 పోయి 103 వచ్చింది, మోసానికి వాడే 420 కాస్తా 318(4) అయింది. మామూలు మనిషి ఏది చదవాలి? ఆ మాటకొస్తే పోలీసులకే స్పష్టత లేదు. ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పెట్టడాన్ని నేరంగా చూసే, ఐటీ చట్టంలోని సెక్షన్ 66ఏను సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసినా, దాని కింద కేసులు పెడుతూనే వచ్చారు. ఇకపై పెట్టొద్దని 2022లో కోర్టు మళ్లీ ఆదేశించాల్సి వచ్చింది.

మా బంధువుల్లో ఒకరికి పోలీసు నోటీసు వచ్చింది. దాని మీద 35(3) అన్న నంబరు తప్ప అర్థమయ్యే ముక్క ఒక్కటీ లేదు. అరెస్టు చేస్తారేమోనని ఇంటిల్లిపాదికీ టెన్షన్. కేంద్ర ప్రభుత్వ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో అరెస్టు, దర్యాప్తు పద్ధతులు చెప్పే కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత తెరిచి చూస్తే సంగతి తెలిసింది. అరెస్టు అవసరం లేదనుకున్నప్పుడు విచారణకు రమ్మని ఇచ్చే నోటీసు అది. చెప్పినట్టు హాజరవుతుంటే, కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయకుండా ఆ కేసులో అరెస్టు చేయకూడదు. ఈ రెండు వాక్యాలు నోటీసులోనే తెలుగులో ఉంటే ఆ కుటుంబం నిద్ర మానుకునేది కాదు.

సున్నితమైనవి మినహా ఎఫ్ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లో చెప్పింది. తీరా తెరిస్తే పక్కకు వాలిన స్కాన్ కాపీ, అలుక్కుపోయిన చేతిరాత. అందులో పేరు వెతుక్కోవడం ఎవరి తరం? అవగాహన సదస్సులకు మాత్రం ఫ్లెక్సీలు, శాలువాలు, ఫొటోలు తప్పనిసరి. వచ్చినవాళ్ల చేతిలో ఒక కాగితం పెట్టేవారే లేరు.

ఆ కాగితం మీద రాయాల్సింది ఎంతో లేదు. చట్టం పాఠానికి ఇండియా కోడ్. పాత, కొత్త సెక్షన్లు పోల్చుకోవడానికి జాతీయ నేర రికార్డుల సంస్థ ఎన్‌సీఆర్‌బీ వారి సంకలన్ యాప్. సుప్రీంకోర్టు తీర్పులకు ఆ కోర్టు వారిదే ఈ-ఎస్‌సీఆర్ వెబ్‌సైట్. కొన్ని తీర్పులు తెలుగులోనూ ఉన్నాయి. కేసు ఎంతవరకు వచ్చిందో కోర్టుల ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ప్రైవేటుదే అయినా ఇండియన్ కానూన్ వెబ్‌సైట్‌లోనూ తీర్పులు ఉచితంగా చదువుకోవచ్చు. ఇవన్నీ చూసినా దారి తోచకపోతే న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100 ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు.

మీ పత్రిక మీదా నాకు కోపం ఉంది. నేరవార్త ఏదైనా ‘పలు సెక్షన్ల కింద కేసు నమోదు చేశారు’ అని ముగించేస్తారు. ఏ సెక్షన్లు? నిందితుడి ఇంటిపేరు, ఊరు, కులం దాకా రాసేవారికి రెండు నంబర్లు రాయడం బరువా? సెక్షన్ నంబరు, అది ఏ చట్టంలోదో వార్తలోనే వేయండి. వాటిని పట్టుకుని మిగతాది మేం చదువుకుంటాం. వచ్చే సోమవారం నుంచే మొదలుపెట్టమని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు