ఎఫ్‌టీఎల్ గీతకు మందం ఉంటుంది

సంపాదకుల వారికి,

నమస్కారం. 2024 జులైలో చెరువుల ఆక్రమణలను తొలగించే హైడ్రా ఏర్పాటైనప్పటి నుంచి ఎఫ్‌టీఎల్, బఫర్ అన్న మాటలు మన హైదరాబాద్‌లో కూరగాయల బండి దగ్గర కూడా వినిపిస్తున్నాయి. వాదించుకునే ఇరుపక్షాల వారూ చెరువు హద్దు అంటే పటం మీది సన్నని గీత అనే అనుకుంటున్నారు. ఆ గీత ఎలా పుడుతుందో డిగ్రీ విద్యార్థులకు చాలా ఏళ్లు జ్యామితి చెప్పిన వాడిగా మీ పాఠకులకు వివరించదలచి ఈ లేఖ రాస్తున్నాను.

ఎఫ్‌టీఎల్ (ఫుల్ ట్యాంక్ లెవెల్) అంటే చెరువు పూర్తిగా నిండి, ఇక అలుగు పారబోయే సమయానికి ఉండే నీటిమట్టం. ఆ మట్టం దగ్గరి హద్దుకు వెలుపల కట్టడాలు లేకుండా వదలాల్సిన మేర బఫర్. మట్టం ఒక్క అంకె మాత్రమే. దాన్ని గీతగా మార్చాలంటే చుట్టూ ఉన్న నేల ఎత్తులు తెలియాలి. సర్వేలో అనేక బిందువుల వద్ద ఎత్తులు కొలిచి, ఆ బిందువులను త్రిభుజాలుగా కలిపి నేలకు ఒక నమూనా తయారు చేసి, అలుగు మట్టం దగ్గర దాన్ని అడ్డంగా కోస్తే హద్దు వస్తుంది. ఏ మూడు బిందువులను కలపాలన్నదానికి విస్తృతంగా వాడే నియమం రష్యన్ గణితవేత్త బోరిస్ డెలోనే 1934లో ఇచ్చినది: త్రిభుజం మూడు శీర్షాల గుండా గీసిన వృత్తం లోపల మరే బిందువూ పడకూడదు. దీనివల్ల సూదుల్లాంటి త్రిభుజాలు వీలైనంత తగ్గుతాయి. ఇలాంటి పనులను కంప్యూటరు చేత వేగంగా, నమ్మకంగా చేయించే శాస్త్రమే కంప్యుటేషనల్ జామెట్రీ. దాని ప్రధాన సదస్సు 1985లో బాల్టిమోర్‌లో మొదలై ఏటా జరుగుతోంది. 2025లో జపాన్‌లోని కనజావాలో జరిగింది.

ఈ రంగాన్ని చాలాకాలం వేధించింది కంప్యూటరు తన లెక్కలో అంకెలను కుదించే అలవాటు. మూడు బిందువులు దాదాపు ఒకే సరళరేఖ మీద ఉంటే, మూడోది ఎడమవైపు ఉందా కుడివైపు ఉందా అన్న చిన్న ప్రశ్నకే తప్పు జవాబు వచ్చి పటమంతా చెడిపోయేది. 1997లో కంప్యూటర్ శాస్త్రవేత్త జొనాథన్ ష్యూచక్ ప్రచురించిన పద్ధతి, అవసరమైన చోట మాత్రమే అదనపు అంకెలు లెక్కించి, ఆ జవాబును కచ్చితంగా రాబడుతుంది. అయితే కంప్యూటరు ఎంత కచ్చితంగా లెక్కించినా మనం ఇచ్చిన ఎత్తులు అటూ ఇటూ అయితే గీత కూడా అటూ ఇటూ అవుతుంది.

ఎంత అటూ ఇటూ అవుతుందో ఇంట్లోనే చూడవచ్చు. వెడల్పాటి తాంబాళాన్ని కొద్దిగా వాల్చి పెట్టి సగం వరకు నీళ్లు పోయండి, తర్వాత మరో చిన్న గ్లాసు కలపండి. అంచు ఉన్న వైపు నీరు కదిలినట్టే ఉండదు. పల్చటి వైపు మాత్రం నాలుగు వేళ్ల మేర పాకుతుంది. చెరువుకు కట్ట ఉన్న వైపు ఆ అంచు లాంటిది, నీరు తగ్గినప్పుడు బయటపడే శిఖం భూములున్న వైపు ఆ పల్చటి భాగం. నేల 200 మీటర్లకు ఒక మీటరు చొప్పున మాత్రమే వాలి ఉన్నచోట ఎత్తులో 10 సెంటీమీటర్ల తేడా వస్తే గీత 20 మీటర్లు జరుగుతుంది. ఇళ్లు లేచింది ఎక్కువగా ఆ వైపే.

మా కాలనీ వెనక ఒక చెరువు ఉంది. మా పక్కింటి వారు గత ఏడాది ఇద్దరు ప్రైవేటు సర్వేయర్ల చేత దూరం కొలిపిస్తే, వారి గోడ హద్దు నుంచి 27 మీటర్లని ఒకరు, 33 మీటర్లని మరొకరు రాసిచ్చారు. రెండు కాగితాలనూ భోజనాల బల్ల మీద పక్కపక్కన పరిచి చూస్తే, మొదటి దానిలో అక్షాంశ రేఖాంశాలను దశాంశ బిందువు తర్వాత నాలుగు స్థానాలకే కుదించారని తెలిసింది. నాలుగో స్థానంలో ఒక్క అంకె తేడా నేల మీద సుమారు 11 మీటర్లు. కాబట్టి కుదింపు వల్లనే ఒక బిందువు ఒక్కో దిశలో 5 మీటర్లకు పైగా జరగవచ్చు. మొత్తం తేడాకు అదే కారణమని నేను ప్రమాణం చేయలేను గానీ, నిబంధన ప్రకారం 30 మీటర్ల బఫర్ దగ్గర తేలాల్సిన విషయం అక్కడే ఆగిపోయింది. పక్కింటి పెద్దాయన రెండు కాగితాలనూ మడిచి దేవుడి పటం వెనక పెట్టారు.

2012 నాటి 168వ నంబరు జీవో ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, దానికన్నా చిన్నదానికి 9 మీటర్లు బఫర్. సరిగ్గా 10 హెక్టార్ల గుండ్రటి చెరువు చుట్టుకొలత దాదాపు 1,120 మీటర్లు ఉంటుంది. గీత చుట్టూతా ఒక్క మీటరు జరిగితే విస్తీర్ణం సుమారు 11 గుంటలు మారుతుంది. వంకరటింకర చెరువుకు ఇంకా ఎక్కువే. 9.95 హెక్టార్ల చెరువు ఆ ఒక్క మీటరుతో 10 దాటితే, బఫర్ ఒకేసారి 21 మీటర్లు పెరుగుతుంది.

కొలతల్లోని ఈ సందేహాన్ని దాచకుండా లెక్కలోకి తీసుకోవడం పరిశోధకులు కొంతకాలంగా చేస్తున్న పని. అన్నే డ్రీమెల్, హెర్మన్ హావర్‌కోర్ట్, మార్టెన్ లోఫ్లర్, రోడ్రిగో సిల్వీరా 2013లో ప్రచురించిన పత్రంలో ప్రతి బిందువు ఎత్తునూ ఒక్క అంకెగా కాక, ఇంత నుంచి ఇంత వరకు అన్న అవధిగా తీసుకున్నారు. నీరు నేల మీద వాలును బట్టి ఎటైనా పారవచ్చనుకుంటే, ఒకచోటి నీరు మరోచోటికి చేరే అవకాశం ఉందో లేదో తేల్చడమే ఎన్‌పీ-హార్డ్ సమస్య అవుతుందని, అంటే ఎప్పుడూ వేగంగా తేల్చే మార్గం ఎవరికీ తెలియనిదని, వారు నిరూపించారు. ముందే నిర్ణయించిన దారుల వెంట మాత్రమే పారుతుందనుకుంటే, పరీవాహక ప్రాంతం కనీసం ఎంతో, గరిష్ఠంగా ఎంతో త్వరగా లెక్కించవచ్చు.

మన చెరువు హద్దుకు అంత కష్టం కూడా లేదు. ఎత్తులన్నిటినీ వాటి గరిష్ఠ విలువ దగ్గర ఉంచి ఒకసారి, కనిష్ఠ విలువ దగ్గర ఉంచి మరోసారి అలుగు మట్టం దగ్గర కోస్తే లోపలి గీత, వెలుపలి గీత వస్తాయి. లోపలి గీతలో ఉన్న కట్టడం గురించి కొలతల పేరుతో వాదించే వీలుండదు. వెలుపలి గీతకు బఫర్ కలిపినా అవతలే ఉన్నవారు నిశ్చింతగా నిద్రపోవచ్చు. మధ్యలో పడిన వారికి మాత్రమే నేల మట్టాలు మళ్లీ దగ్గరదగ్గరగా కొలవాలి. ఇది కబ్జాదారులకు వకాల్తా కాదు. వారిలో చాలామంది లోపలి గీతలోనే దొరుకుతారని నా అంచనా.

కనుక చెరువు హద్దులు ప్రకటించే అధికారులు పటం బొమ్మతో సరిపెట్టకుండా, హద్దు బిందువులను వరుసక్రమంలో కనీసం ఆరు దశాంశ స్థానాలతో, అలుగు మట్టంతో, ఎత్తుల కొలతలో ఉండే లోపం ఎంతో సహా బహిరంగంగా ఉంచాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మీరు హద్దుల పటాలు ముద్రించేటప్పుడు కూడా ఆ లోపాన్ని పటం కిందనే ఒక వాక్యంలో ఇవ్వండి. మా చెరువు హద్దు బిందువుల జాబితా, ఎత్తులు దొరికితే ఆ రెండు గీతలూ నేనే గీసి మీకు పంపగలను.

భవదీయుడు,
విశ్రాంత గణిత అధ్యాపకుడు,
హైదరాబాద్