మీ ప్రైమేట్ గారి గురించి అడిగావు కదా

బిడ్డా,

పోయిన ఆదివారం ఫోన్లో ఒక ప్రశ్న అడిగావు, నేను నోరు తెరిచేలోపే పాపని స్విమ్మింగ్ క్లాసులో దింపాలని పెట్టేశావు. వారం రోజులుగా అదే తిరుగుతోంది మనసులో. వాట్సాప్‌లో చెబుదామంటే నా వాయిస్ మెసేజ్‌లు నువ్వు పూర్తిగా వినవని నాకు తెలుసు, స్పీడు పెంచి వింటావని అల్లుడే చెప్పాడు. అందుకే కూర్చుని రాస్తున్నా. ఇది స్పీడు పెంచి చదవలేవు.

కెనడాలో మీ ఆంగ్లికన్ చర్చి (ఇంగ్లండ్ చర్చి నుంచి పుట్టిన సంఘం) ప్రైమేట్ గురించి నువ్వడిగింది ఇదీ: "మా చర్చికి దేశం మొత్తానికి ఒక పెద్దాయన ఉన్నారు నాన్నా, కానీ ఏ పాస్టర్నీ ట్రాన్స్‌ఫర్ చెయ్యలేరు, ఏ బిషప్పునీ తీసెయ్యలేరు, ఒక్క రూలూ సొంతంగా మార్చలేరు, మరి ఎందుకు ఆ పదవి?" నీ ప్రశ్నలో కోపం కూడా ఉంది. అక్కడి మూలవాసుల పిల్లల్ని ఇళ్ల నుంచి తీసుకెళ్లి ఉంచిన ఆ రెసిడెన్షియల్ స్కూళ్ల గురించి చదివిన దగ్గర్నుంచి నీకు ఆ చర్చి మీదే మనసు విరిగింది, పైగా అదే సమయంలో వాళ్లు నిన్ను డయాసిస్ సినడ్‌కి, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతపు ప్రతినిధుల సభకి, డెలిగేట్‌గా వెళ్లమంటున్నారు. నాకు అర్థమైంది.

ముందు ఆ పేరు సంగతి. పోయినేడాది మీ ఇంట్లో ఉన్నప్పుడు నేను ప్రైమేట్ అనగానే పాప కిసుక్కున నవ్వింది గుర్తుందా, దాని సైన్సు పుస్తకంలో ప్రైమేట్లంటే కోతులు. లాటిన్‌లో మొదటివాడు అని అర్థంలే. అయితే మొదటివాడంటే అందరికంటే పైవాడు అనుకుంటాం మనం, తప్పు అక్కడే మొదలవుతుంది. ఆయన వరసలో ముందు నిలబడే మనిషి, అంతే.

నేను మీ దగ్గరున్న ఆ 2025 జూన్‌లోనే కదా ఎన్నిక జరిగింది, 26వ తేదీన, లండన్‌లో. (నీ లండన్, ఒంటారియో లండన్. ఇక్కడ మన గుడిలో చెబితే అందరూ ఇంగ్లండ్ అనుకున్నారు, విడమరిచి చెప్పేసరికి నా పని అయిపోయింది.) ఒట్టావా బిషప్పు షేన్ పార్కర్ గారిని ఎన్నుకున్నారు, పదిహేనో ప్రైమేట్. మొదటాయన రాబర్ట్ మచ్‌రే, 1893లో. నువ్వు ఆఫీసుకి, పాప బడికి వెళ్లాక నాకు వేరే పనేముంది, ఇవన్నీ చదువుతూ కూర్చునేవాణ్ణి. నాకు బాగా నచ్చింది ఎన్నిక పద్ధతి. బిషప్పులు తమలోంచి పేర్లు సూచిస్తారు, సూచించాక వాళ్లకి ఓటుండదు. ఓటేసేది పాస్టర్లు, మామూలు సభ్యులు. రెండు వర్గాలూ విడివిడిగా ఓటేస్తాయి, రెండిట్లోనూ మెజారిటీ రావాలి. ఆ టైములో బిషప్పులు హాల్లో కూడా ఉండరు, పక్కకి వెళ్లి కూర్చుని ఫలితం కోసం ఎదురుచూస్తారు. నేను నలభై ఏళ్లు డయాసిస్ రాజకీయాలు చూసినవాణ్ణి బిడ్డా. బిషప్పులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి "మీకు ఓటు లేదు, కాఫీ తాగండి" అనే పద్ధతి ఉంటుందని ఊహించుకోలేదు.

ఇంకొకటి. మన సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) పెద్ద అయిన మోడరేటర్ గారు తన డయాసిస్‌కి బిషప్పుగా ఉంటూనే మోడరేటర్‌గా ఉంటారు. కెనడాలో ప్రైమేట్ అయినాయన డయాసిస్ వదిలేసుకోవాలి. ఒకప్పుడు అక్కడ కూడా రెండూ కలిపే చూసుకునేవారట, తర్వాత మార్చారు. అంటే ఆయన చేతికింద తనదంటూ ఒక్క గుడి ఉండదు, ఒక్క పాస్టరు ఉండడు. టొరంటోలో హెడాఫీసు, అక్కడి స్టాఫు, మూడేళ్లకోసారి కూడే దేశం మొత్తం సభ జనరల్ సినడ్‌కి అధ్యక్షత, దేశమంతా తిరగడం, బయటి దేశాల ప్రైమేట్లతో సమావేశాలు. డెబ్బై ఏళ్లకి రిటైర్మెంట్. లిండా నికల్స్ గారు, అక్కడ మొదటి మహిళా ప్రైమేట్, అందుకే 2024లో దిగిపోయారు. ఏదైనా డయాసిస్‌లోకి అడుగుపెట్టాలన్నా అక్కడి బిషప్పుతో మాట్లాడుకుని వెళ్లాల్సిందే. ఇంగ్లండ్‌లో ఉండే క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్పు, ప్రపంచ ఆంగ్లికన్లందరిలో మొదటి స్థానం వాళ్లదే, అయినా ఆయనకి ఆర్డరు వెయ్యలేరు, ఆయనా కిందివాళ్లకి వెయ్యలేరు. కార్పొరేట్ కంపెనీలో పనిచేసే నీకు ఇది వింతగానే ఉంటుంది, ఆర్గ్ చార్ట్‌లో పై డబ్బాలోంచి కిందికి ఒక్క గీత కూడా ఉండదు.

నువ్వు 2019 సంగతి ఎత్తావు కాబట్టి దాని గురించీ చెబుతా. వాంకూవర్‌లో, జులైలో, స్వలింగ వివాహాలకి చర్చి ఒప్పుకోవాలా అని జనరల్ సినడ్‌లో ఓటు. మూడు వర్గాల్లోనూ మూడింట రెండు వంతులు రావాలి. మామూలు సభ్యుల్లో 80.9 శాతం, పాస్టర్లలో 73.2 శాతం ఒప్పుకున్నారు, బిషప్పుల్లో 62.2 దగ్గర ఆగిపోయింది. తీర్మానం వీగిపోయింది. హాల్లో పిల్లలు, పెద్దలు ఏడ్చారు. వేదిక మీదున్న ప్రైమేట్ ఫ్రెడ్ హిల్ట్జ్ గారు ఏం చెయ్యగలరు? ఏమీ చెయ్యలేరు. ఆయన ఓటు బిషప్పుల లెక్కలో ఒకటి, అంతే. ఆ తీర్మానం నాకు నచ్చిందా లేదా అనేది వేరే సంగతి, దాని మీద నువ్వూ నేనూ మీ వంటింట్లో ఇప్పటికే ఒకసారి గొడవ పడ్డాం, ఇంకోసారి వద్దు. నేను చెప్పేది, నీ ప్రశ్నకి బలం ఇక్కడే ఉందని. అంతమంది ఏడుస్తుంటే పెద్దాయన కూర్చుని చూడాల్సిందేనా అంటే, రూలు ప్రకారం అవును, కూర్చుని చూడాల్సిందే.

అయితే ఇంకో కథ ఉంది. 1993 ఆగస్టు. ఒంటారియోలోనే మినాకీ అనే చిన్న ఊరు, సరస్సు పక్కన. అక్కడి మూలవాసుల ఆంగ్లికన్లు దేశం నలుమూలల నుంచీ వచ్చి కూడారు, చర్చి నడిపిన బడుల్లో చిన్నప్పుడు తమకి ఏం జరిగిందో ఒక్కొక్కరే చెప్పుకున్నారు. అప్పటి ప్రైమేట్ మైకేల్ పీర్స్ గారు అక్కడ కూర్చుని విన్నారు. ఆగస్టు 6న లేచి నిలబడి క్షమాపణ అడిగారు. ఆ మాటలు నేను చదివాను, నా తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: మిమ్మల్ని మా పోలికలోకి మార్చాలని చూశాం, మీ భాషని, మీ గుర్తులని మీ దగ్గర్నుంచి తీసుకున్నాం, అందుకు నేను మాటల్లో చెప్పలేనంత బాధపడుతున్నాను. మీ విషయంలో తప్పాం, మా విషయంలో తప్పాం, దేవుని విషయంలో తప్పాం.

ఇప్పుడు ఆలోచించు. ఆ బడులు పెట్టింది ఆయన కాదు. చర్చికీ ఆ బడులకీ సంబంధం 1969లోనే తెగిపోయింది. "అది ఆ డయాసిస్ సంగతి, ఆ కాలం బిషప్పుల సంగతి, నాకు అధికారం లేదు" అనడానికి ఆయన దగ్గర కావాల్సినంత సాకు ఉంది, నువ్వు చెప్పిన సాకే. లాయర్లు కూడా ఇలాంటి మాటకి భయపడతారు, తప్పు ఒప్పుకుంటే కేసులు పడతాయి కదా. పడ్డాయి కూడా. కారిబూ అనే డయాసిస్ ఆ కేసుల ఖర్చు తట్టుకోలేక 2001లో మూతపడింది. 2003లో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరింది, చర్చి వంతు రెండున్నర కోట్ల డాలర్లు. అప్పుడు దేశంలోని డయాసిస్‌లన్నీ తలా కొంత వేసుకున్నాయి, ఎప్పుడూ ఒక్క బడి కూడా లేని డయాసిస్‌లు కూడా. ఇవ్వకపోతే వాళ్లని ప్రైమేట్ ఏం చెయ్యగలరు? ఏమీ చెయ్యలేరు. మరి ఎందుకిచ్చాయి? అందరి తరఫున ఒక మనిషి నిలబడి "మేము" అనేశాడు, ఆ "మేము"లోంచి ఇక ఎవరూ తప్పించుకోలేకపోయారు అని నాకనిపిస్తుంది. నా లెక్కలో ఆ పదవి పని ఇదే. ఏ ఒక్క బిషప్పు అన్నా అది ఆయన డయాసిస్ మాటే అవుతుంది. తనదంటూ డయాసిస్ లేనివాడు అంటేనే అందరి మాట అవుతుంది.

క్షమాపణతో సరిపోయిందా అంటావు. సరిపోలేదని వాళ్లకీ తెలుసు. 2019లో, అదే వాంకూవర్ సినడ్‌లో, హిల్ట్జ్ గారు మళ్లీ క్షమాపణ చెప్పారు, ఈసారి వాళ్ల ఆధ్యాత్మిక జీవితాన్ని తుడిచెయ్యాలని చూసినందుకు. ఇరవై ఆరేళ్ల తర్వాత. అంటే మొదటిసారి అడిగింది చాల్లేదనే కదా.

నీకు చెప్పలేదు కానీ, మీ చర్చి హాల్లో ఆరాధన అయ్యాక కాఫీ దగ్గర ఒకావిడతో మాట్లాడాను. నువ్వు పాప కోటు వెతుకుతున్నావు అప్పుడు. డెబ్బై దాటి ఉంటాయి, పొట్టిగా, తెల్ల జడ, పూసల చెవిపోగులు. నేను ఇండియా అనగానే "మీ భాషలో ప్రభువు ప్రార్థన ఎలా ఉంటుంది?" అంది. నేను "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టి మొత్తం చెప్పాను, పేపరు కప్పు టేబుల్ మీద పెట్టి చేతులు కట్టుకుని వింది. అయ్యాక నెమ్మదిగా అంది, ఆరేళ్లప్పుడు తనని ఆ బడిలో వేశారని, తమ భాషలో మాట్లాడితే కొట్టేవారని, ఇంటికొచ్చేసరికి అమ్మతో మాట్లాడటానికి మాటలు లేవని. ఆ ప్రార్థన తన భాషలో అరవై ఏళ్ల వయసులో మళ్లీ నేర్చుకుందట. "మరి ఈ చర్చికే ఎందుకొస్తున్నారమ్మా?" అని అడిగేశాను, అడక్కూడదేమో. నవ్వింది. మినాకీ గురించి ఆవిడే చెప్పింది నాకు, తను వెళ్లలేదట, అక్క వెళ్లిందట. "అక్క ఒప్పుకుంది, నేను ఇంకా ఒప్పుకోలేదు, కానీ ఆయన లేచి నిలబడ్డాడు కాబట్టి నేనూ వచ్చి కూర్చుంటున్నా" అంది. తర్వాత ఒక బిస్కెట్ తీసి నా చేతిలో పెట్టింది. షుగరని చెప్పలేకపోయాను.

మనకి ఇదంతా దూరపు సంగతేం కాదు. ఇక్కడ డోర్నకల్ గుడి పక్కన అజరయ్య గారి సమాధి దగ్గరికి చిన్నప్పుడు నిన్నెన్నిసార్లు తీసుకెళ్లలేదు. 1912లో ఆయన్ని మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పుగా అభిషేకించినప్పుడు తెల్లవాళ్లు కొందరికి మింగుడు పడలేదు. దానికి రెండేళ్ల ముందు ఎడిన్‌బరోలో వాళ్ల మధ్యే నిలబడి, మీరు మాకు చాలా ఇచ్చారు, ఇక స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడాయన. అప్పుడాయన బిషప్పు కూడా కాదు. 1947లో మన ఆంగ్లికన్లం మెథడిస్టులతో, మిగతావాళ్లతో కలిసి సీఎస్‌ఐ అయ్యాక ఆర్చిబిషప్పు అనే మాటే వద్దనుకున్నాం, మోడరేటర్ చాలన్నాం. ఉద్దేశం మంచిదే. తర్వాత ఆ కుర్చీల కోసం ఎన్ని కోర్టు గుమ్మాలెక్కామో చూస్తూనే ఉన్నాం. నా సంగతే తీసుకో, ఒక పాస్టరేట్ కమిటీ ఎన్నికలో, ఎక్కడో చెప్పను, ఓట్ల లిస్టులోంచి రాత్రికి రాత్రి నా పేరు మాయమైంది, చనిపోయిన మా బాబాయి పేరు మాత్రం భద్రంగా ఉంది. మీ అమ్మ ఇప్పటికీ నవ్వుతుంది దానికి. నాకు మాత్రం ఇంకా నవ్వు రాదు.

అందుకే సినడ్‌కి వెళ్లమని నిన్ను బలవంతపెట్టను. వెళ్తే బోరుగా ఉంటుంది, బడ్జెట్ కాగితాలు, సవరణ మీద సవరణ, మధ్యాహ్నం నిద్ర ముంచుకొస్తుంది. కానీ జనరల్ సినడ్‌కి ఎవరు వెళ్లాలో తేల్చేది ఈ డయాసిస్ సినడ్‌లోనే, అలా వెళ్లినవాళ్లే ప్రైమేట్‌కి ఓటేసేది, బిషప్పులు పక్కగదిలో కాఫీ తాగుతుండగా. నీకున్న కోపం ఆ హాల్లో ఉండటం మంచిదని నా ఉద్దేశం. వెళ్లకపోయినా ఏమీ అనుకోను.

ఆ, ఇంకో పని. ఆ పూసల చెవిపోగులావిడ, తన భాషలో ఆ ప్రార్థన నాకు వినిపిస్తానంది, ఇంతలో నువ్వు కారు తీశావు. మళ్లీ కనబడితే అడిగి, ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసి పంపు. పాప చేత మన తెలుగుది కూడా చెప్పించి పంపు. అది "అనుదినాహారము" దగ్గర ఆగిపోతుంది ఎప్పుడూ, నువ్వు అందించకు, ఎంతవరకు వస్తే అంతవరకే పంపు. పచ్చడి పార్శిల్ శుక్రవారం వేస్తాను, ఈసారి మూత మీద రెండు పొరల టేపు వేశాం.

మీ నాన్న
డోర్నకల్