ఐదు లైన్ల పనికి తొమ్మిది వారాలు

కస్టమర్ కేర్ వారికి, వాళ్ల పైన ఎవరైనా ఉంటే వాళ్లకి కూడా,

మీ సీరియల్ పోర్ట్ కార్డు పాడైందని రాయడం లేదు. కార్డు నిక్షేపంలా ఉంది. పాడైంది మీ లైనక్స్ డ్రైవరు, అంటే కార్డుని నడిపించే సాఫ్ట్‌వేరు, దాన్నీ నేనే బాగుచేసుకున్నాను. నా కోపం వేరే.

మిర్యాలగూడలో రైస్ మిల్లుల కంప్యూటర్లు చూస్తుంటాను. కాటా మీద లారీ బరువు మీ కార్డు ద్వారానే కంప్యూటర్‌లోకి రావాలి. ఉబుంటు 22.04 అనే లైనక్స్‌లో అప్‌డేట్ వచ్చి కెర్నెల్, అంటే దాని గుండెకాయ, 6.2 నుంచి 6.5కి మారింది, కెర్నెల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్లని దానికి తగ్గట్టు తయారుచేసే డీకేఎంఎస్ మీ డ్రైవర్‌ని మళ్లీ బిల్డ్ చేయబోయి ఎర్రర్ కొట్టి ఆగిపోయింది. తెల్లారేసరికి గేటు బయట లారీలు, మిల్లు గుమస్తా ఫోన్ల మీద ఫోన్లు. కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని ఆ పూటకి గట్టెక్కాను.

తర్వాత మీకు ఫోన్ చేశాను చూడండి, అదీ నా తప్పు. మొదటి అమ్మాయి సిస్టమ్ రీస్టార్ట్ చేయమంది. చేశానమ్మా అంటే ఇంకోసారి చేయమంది. రెండో ఆయన డివైస్ మేనేజర్ తెరవమన్నాడు. ఇది లైనక్స్ బాబూ అంటే, "అంటే విండోస్ టెన్నా సార్, లెవెనా?" అన్నాడు. మూడో ఆయన మెయిల్ పెట్టమంటే ఆ ఎర్రర్లన్నీ ఉన్న బిల్డ్ లాగ్ మొత్తం పెట్టాను. నాలుగు రోజులకి జవాబొచ్చింది, స్క్రీన్‌షాట్ స్పష్టంగా లేదట. నేను పంపింది టెక్స్ట్ ఫైలు! ఆ తర్వాత ఓ రాత్రి టికెట్ దానంతట అదే మూసుకుపోయింది, "మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు" అంటూ.

విసిగిపోయి నేనే కోడ్ తెరిచాను. కెర్నెల్ 6.4లో మీ డ్రైవర్ పిలిచే క్లాస్_క్రియేట్ ఫంక్షన్‌కి ఇవ్వాల్సిన రెండు ఆర్గ్యుమెంట్లలో దిస్_మాడ్యూల్ అనే మొదటిది తీసేశారు, మీరు ఇంకా రెండూ ఇస్తున్నారు. కెర్నెల్ వెర్షన్ చూసి పాత పద్ధతిలోనో కొత్త పద్ధతిలోనో పిలిచేలా షరతు పెట్టాను. ఐదు లైన్లు. కెర్నెల్ సోర్స్‌లోనే ఉన్న డ్రైవరైతే ఆ మార్పు చేసినవాళ్లే దాన్నీ సరిచేసి పెడతారు, మీరు బయట పెట్టుకున్నారు కాబట్టి మీరే చూసుకోవాలి, ఇది మీ ఇంజినీర్లకి నేను చెప్పాలా? ఆ ఐదు లైన్ల ప్యాచ్ పైసా అడక్కుండా పంపాను. థాంక్స్ అనే మాట లేదు, సోర్స్ మార్చారు కాబట్టి వారంటీ వర్తించదని మెయిల్ వచ్చింది. ఆహా!

2016 నుంచి మీ కార్డులే పెడుతున్నాను. చవకవి దొరుకుతాయి కదా అని మిల్లు యజమానులు సణిగితే మీ తరఫున వాదించింది నేను. ఆ మొహంతోనే ఇప్పుడు వాళ్ల ముందు నిలబడాలి.

డ్రైవర్ రాసే మనిషి మీ దగ్గర ఒక్కరైనా ఉంటే ఆయనతో మాట్లాడించండి. లేకపోతే డబ్బా మీద లైనక్స్ గుర్తుగా వేసిన ఆ పెంగ్విన్ బొమ్మ తీసేయండి. వారం చూస్తాను, ఆపైన వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, నల్గొండ వినియోగదారుల కమిషన్ కూడా మాకేం దూరం కాదు.

ఇంకోసారి స్టార్లు అడుగుతూ మెసేజ్ వస్తే మాత్రం మిల్లు గుమస్తా నంబరు ఇస్తాను, ఆయన్నే అడగండి.