ఆదివారం గీతా కూటమి – ఈసారి పెన్న ఒడ్డున

అందరికీ నమస్కారం 🙏

ఈ ఆదివారం ఉదయం 6 గంటలకు మన కూటమి అపార్ట్‌మెంట్ హాల్లో కాదు, రంగనాయకుల గుడి వెనక పెన్న ఒడ్డున. దర్శనం చేసుకుని నేరుగా మెట్ల దగ్గరికి వచ్చేయండి.

ఈ వారం విషయం: రోజువారీ గొడవల్లో ప్రశాంతంగా ఉండటం. గీత రెండో అధ్యాయం, 54 నుంచి 72 వరకు శ్లోకాలు. 62, 63 మాత్రం ముందే రెండుసార్లు చదువుకుని రండి. ఒక వస్తువు గురించి అదే పనిగా ఆలోచిస్తే ఆసక్తి, దాంట్లోంచి కోరిక, కోరిక తీరకపోతే కోపం, కోపం వల్ల మోహం (అంటే మంచిచెడ్డలు తెలియని అయోమయం), ఆ తర్వాత జ్ఞాపకం, బుద్ధి రెండూ పోతాయి. కోపం ఎక్కడో మధ్యలో ఉంది చూడండి, మొదట్లో లేదు.

నా సంగతే చెప్తా. మొన్న నీళ్ల ట్యాంకర్ గంట ఆలస్యమైందని డ్రైవర్ మీద అరిచేశాను. పాపం, అతను పైపు తగిలిస్తూ "సార్, పొద్దున్నుంచి టిఫిన్ కూడా చేయలేదు" అన్నాడు. నా చేతిలో కాఫీ గ్లాసు. ఆ రోజంతా మనసు మనసులో లేదు.

మీరూ ఈ వారంలో టెన్షన్ పడిన ఒక్క సందర్భం గుర్తు పెట్టుకుని రండి. పేర్లు వద్దు, ముఖ్యంగా పార్కింగ్ పేర్లు 😄

చాప, మంచినీళ్ల సీసా ఎవరివి వాళ్లే. పులిహోర మూడో అంతస్తు వాళ్లది. వచ్చేవాళ్లు శనివారం రాత్రి 8 లోపు ఇక్కడ "వస్తాం" అని పెట్టండి, ఆటోలు మాట్లాడాలి.

ఫోన్లు సైలెంట్‌లో పెట్టడం మర్చిపోకండి.